ఎల్లారావు తిప్పిన కార్నర్

తెల్లారి ఆరు కాలేదు, అప్పుడే ఒళ్లంతా జిడ్డు. జూన్ నెల ఉక్క. మబ్బు పట్టి ఉంది గానీ ఒక్క చినుకైనా రాలే జాడ లేదు. అప్పలసూరి కడుపు కాలిపోతోంది. రాత్రి కోపంలో కంచం తోసేసి పడుకున్నాడు, పొద్దున్నే టీ చుక్క కూడా గొంతులో పడలేదు. చేతిలో సున్నం బకెట్టు, ముందు కాలనీ మైదానం. ఒక వైపు గీత వేసుకుంటూ వెళ్లి తిరిగి చూస్తే, మొదట వేసిన గీత మీద అప్పుడే పోర్టు బొగ్గు నుసి రాలి బూడిదరంగుకు తిరిగింది.

"ఓలమ్మా, నీకూ నా మీద పగేనేటే?" అని బకెట్టు నేలకేసి కొట్టాడు.

అతని కోపం బొగ్గు మీద కాదు. బావ మీద.

బావ అంటే ఎల్లారావు. అప్పలసూరి అక్క గంగాలమ్మ మొగుడు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట పాడే మనిషి. ఆదివారాలు కాలనీ పిల్లల ఫుట్‌బాల్ ఆటలకి రిఫరీ. అప్పలసూరి అదే హార్బర్‌లో బోట్లకి ఐసు మోసే కూలీ. ఆట రోజున చేత్తో జెండా పట్టుకుని గీత వెంట పరిగెత్తే లైన్‌మన్. ఏళ్ల తరబడి అతను జెండా ఊపుతూనే ఉన్నాడు, బావ దాన్ని చూడనట్టే ఉన్నాడు.

ఎల్లారావు పుట్టుకతోనే పాటగాడు కాడు. అయిదో తరగతితో బడి మానేసి బోటెక్కాడు. పెళ్లయిన కొత్తలో వల లాగే తాడు చుట్టుకుని ఎడమ చేతి వేళ్లు రెండు పోయాయి. సముద్రం ఇక పనికిరాదన్నాక ఒడ్డున కూర్చుని ఏడవలేదు. వేలం పాడే ముసలాయన వెనక నిలబడి, ఆయన గొంతు అలసినప్పుడల్లా తాను అందుకున్నాడు. ఆ గొంతు ఎలాంటిదంటే, పక్కన ఐసు మర తిరుగుతున్నా, బోట్ల ఇంజన్లు కొట్టుకుంటున్నా, చివర నిలబడ్డ ఆడమనిషికి కూడా పాట ఎంతలో ఉందో తెలిసిపోయేది. ముసలాయన మంచం పట్టాక ఆ చోటు ఎల్లారావుదైంది.

వేలంపాటకి ఒకటే కట్టు. పాటగాడు కుడిచేత్తో తట్ట అంచు మీద చరిచాడంటే పాట తెగినట్టే. ఆ తరవాత దేవుడు దిగొచ్చినా తిరగదు. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. పాటగాడి మాట ఒక్కసారి వెనక్కి వెళ్లిందంటే ఆ మనిషికి హార్బర్‌లో కూడు లేదు. ఒకసారి చందువా చేపల కుప్ప దగ్గర, బుట్టలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్ముకునే పోతమ్మ పాట పెంచింది. గోలలో ఎల్లారావుకి వినబడలేదు. తక్కువకే చరిచేశాడు. పోతమ్మ జుట్టు విరబోసుకుని తిట్టింది. బోటు యజమాని వీరేంద్ర అయితే నష్టం వచ్చిందని మీదకొచ్చాడు. ఎల్లారావు తల వంచుకుని, "తెగిపోనాది. నా తప్పే, గాని తెగిపోనాది" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి కొనేవాళ్లంతా అతని తట్టల చుట్టూనే మూగారు. తప్పయినా తిరగని మాట మీద బేరగాడికి ఎంత నమ్మకమో చూడండి.

ఆ నమ్మకమే అతని మెడలో ఈల కట్టింది. పిల్లల ఆటల్లో పెద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో, మాట తిరగని మనిషి ఉంటే తప్ప ఈ గొడవ తీరదని కాలనీ పెద్దలు అనుకున్నారు. అలాంటి మనిషి ఎల్లారావు కాక ఇంకెవరు? అతను కూడా ఈలని తట్ట మీద చరుపులాగే ఊదాడు. ఊదితే ఊదినట్టే. బంతి ఎవరి కాలికి తగిలి బయటికి పోయిందో పొరపాటున తల్లకిందులుగా చెప్పినా, చెప్పింది చెప్పినట్టే జరగాలి. కార్నర్ ఇవ్వాల్సిన చోట గోల్ కిక్, ఈ జట్టుకు ఇవ్వాల్సిన త్రో ఆ జట్టుకు. పిల్లలు ఏడ్చేవారు. పెద్దలు మాత్రం, "చూశారా, మగాడంటే ఆడు!" అని మీసం దువ్వేవారు.

జిల్లా వాళ్లు రిఫరీలకి శిక్షణ పెట్టినప్పుడు బావా బామ్మర్దీ ఇద్దరూ వెళ్లారు. అక్కడ నేర్పించేవాడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆట ఆగింది, రిఫరీ తప్పు చెప్పాడు, లైన్‌మన్ జెండా చూశాక ఆ సంగతి తెలిసింది. అప్పటికి బంతిని ఇంకా తన్నలేదు, అంటే ఆట మళ్లీ మొదలవలేదు. అయితే చెప్పింది మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. బంతి కదిలి ఆట మొదలైందా, ఇక ఆ తప్పు అలా ఉండాల్సిందే. అప్పలసూరికి ఆ మాట వింటే పండగలా అనిపించింది. తిరుగు బస్సులో బావ భుజం మీద చరిచాడు.

"ఇన్నావేటి బావా? తిప్పొచ్చంట! నాను ఇన్నాళ్లూ జెండా ఊపింది ఈగలు తోలడానికి కాదు."

"ఇన్నాను."

"మరి ఇంకేటి? వచ్చే ఆదివారం నుంచి నా జెండా సూసి ఊదుతావా?"

ఎల్లారావు కిటికీలోంచి బయటికే చూశాడు. "ఆ బాబు పేంటూ సొక్కా ఏసుకుని ఊరూరూ తిరుగుతాడు. ఆడికి తట్ట నేదు. నాకుంది. ఆదివారం మాట తిప్పినోడు సోమవారం తిప్పడని ఎవుడు నమ్ముతాడురా సూరీ?"

ఆ రోజు మొదలు ఇద్దరికీ ఇదే యుద్ధం.

ఏటా వేట నిషేధం రోజుల్లో కాలనీలో టోర్నమెంటు పెడతారు. బోట్లు కట్టేసి ఉంటాయి, మగాళ్లందరూ ఖాళీ, హార్బర్ మొత్తం మైదానం చుట్టే ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడతారు. కిందటి ఆదివారం సెమీఫైనల్‌లో ఎల్లారావు ఒక త్రో తప్పు జట్టుకి ఇచ్చాడు. అప్పలసూరి జెండా ఊపాడు, అరిచాడు, గెంతాడు. బంతి ఇంకా పిల్లాడి చేతిలోనే ఉంది. ఎల్లారావు కదల్లేదు. ఆ త్రోలోంచే గోలు పడింది. ఓడిన పిల్లలు గోలు కర్ర పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే అప్పలసూరి జెండా గుడ్డ నోట్లో పెట్టుకుని కొరికాడు.

రాత్రి అక్క ఇంట్లో కంచం తోసింది అందుకే.

"బాలు కదల్నేదు బావా! గుంటడి సేతిలో ఉంది! ఒక్క ఈల ఊదితే సరిపోను!"

"అయిపోనాది కదా, ఒగ్గీ."

"ఒగ్గను. రేపు ఫైనల్లో నా జెండా సూసి కూడా నువ్వు కదలకపోతే, జెండా అందరి ముందూ ఇరగ్గొట్టి ఎలిపోతాను. మా బావ దొంగాట ఆడిత్తన్నాడని మైకులో సెప్తాను."

గంగాలమ్మ ఎండుచేపల కూర గరిటెతో ఇద్దరి మధ్యకూ వచ్చింది. "ఓరి సూరిగా, మీ బావ మాట మీదే ఈ పొయ్యి ఎలుగుతంది. ఆ సంగతి తెలిసే మాటాడతన్నావా?"

"తెలుసే! పొయ్యి ఎలగడానికి గుంటల ఉసురు పొయ్యాలేటి?"

ఎల్లారావు అన్నం ముద్ద కలిపాడు. కలిపాడే గానీ నోట్లో పెట్టుకోలేదు.

ఫైనల్ కాలనీ పిల్లలకీ ఆటోనగర్ పిల్లలకీ. ఎండ ముదరకముందే మొదలెట్టారు. మైదానం చుట్టూ జనం. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో బోటు యజమాని వీరేంద్ర, అతని పక్కన హార్బర్‌లో పెద్ద బేరగాడు అర్జునరావు. బేరాలు లేని రోజులు కాబట్టి అర్జునరావు నోరు ఖాళీగా లేదు. "ఎల్లారావూ, ఈ కుప్ప మాకే కొట్టీ!" అని ప్రతి ఈలకీ ఒక అరుపు. జనం నవ్వు.

చెరొక గోలూ పడింది. ఆట చివరికొచ్చింది. కాలనీ జట్టులో నరేష్ అనే కుర్రాడు గోలు పక్కకి దూసుకొచ్చి తన్నబోయాడు. బంతి అతని మడమకే తగిలి గీత దాటి బయటికి పోయింది. అంటే ఆటోనగర్‌కి గోల్ కిక్. కానీ ఎల్లారావుకి అడ్డంగా పిల్లలున్నారు. ఈల ఊది కార్నర్ జెండా వైపు చెయ్యి చూపించాడు. కాలనీకి కార్నర్.

మైదానం దద్దరిల్లింది. డప్పులు మొదలయ్యాయి. నరేష్ బంతి తీసుకుని కార్నర్ దగ్గర పెట్టాడు.

అప్పలసూరి సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాడు. జెండా గోలు వైపు గురిపెట్టి కొయ్యలా నిలబడ్డాడు. గెలవబోయేది తన కాలనీయే. ఏడ్చేది అవతలి పిల్లలు. ఐనా జెండా దించలేదు. కళ్ల ముందు తప్పు, చేతిలో జెండా, ఎదురుగా కళ్లుండి చూడని మనిషి.

"బావా!" అన్నాడు గొంతు చిరిగేలా. "బాలు ఇంకా కదల్నేదు!"

ఎల్లారావు ఆగాడు. నరేష్‌ని తన్నొద్దని చేత్తో ఆపి, మెల్లగా నడిచి అప్పలసూరి దగ్గరికొచ్చాడు. చెమట కళ్లలోకి కారుతోంది.

"నరేష్ కాలికే తగిలిందా?"

"మడమకి. నా కళ్లారా సూసినాను."

"అమ్మోరి మీద ఒట్టా?"

"ఒట్టు."

ఎల్లారావు ముందు వరస కుర్చీల వైపు ఒకసారి చూశాడు. తరవాత ఈల ఊదాడు. చెయ్యి ఈ వైపు నుంచి తీసి ఆ వైపు చూపించాడు. గోల్ కిక్.

డప్పు ఆగిపోయింది. ఏమైందో జనానికి కాసేపు అర్థం కాలేదు. ఎల్లారావు మాట తిప్పడం ఆ కాలనీలో ఎవరూ చూసి ఎరగరు. ఆటోనగర్ గోల్‌కీపర్ బంతి పెట్టుకుని బలంగా తన్నాడు. ఆ పొడుగు బంతి మైదానం సగం దాటి పడింది. కాలనీ పిల్లలు గోల్‌కీపర్‌తో సహా కార్నర్ కోసమని ముందుకొచ్చి, ఇంకా నోళ్లు తెరుచుకుని రిఫరీనే చూస్తున్నారు. వెనకాల గోలు ఖాళీ. ఆటోనగర్ కుర్రాడొకడు బంతి తీసుకుని తీరిగ్గా వెళ్లి లోపలికి నెట్టాడు.

అప్పుడు లేచింది కాలనీ.

"తిప్పీసినావు కదా, మళ్లీ తిప్పు!" వీరేంద్ర కుర్చీ తన్నేసి మైదానంలోకి వచ్చాడు. "ఇందాకటి మాటే కొట్టు! కార్నర్ మాదే!"

"బాలు కదిలిపోనాది. ఇంక కుదర్దు," అన్నాడు ఎల్లారావు.

"అప్పుడు కుదిరిందేటి?"

"అప్పుడు కదల్నేదు."

"కదలడమేటి, కదలకపోడమేటి! ఇచ్చింది ఇచ్చినట్టే కదేటి? సొంత గుంటల నోటికాడ కూడు తీసి ఆళ్ల సేతిలో పెట్టినావు!"

అప్పలసూరి మధ్యలో దూరి, బంతి తన్నకముందు ఒక రూలు, తన్నాక ఇంకో రూలు అని గొంతు పోయేలా చెప్పాడు. విన్నవాడు లేడు. పోతమ్మ ఒక్కతే మెటికలు విరిచి, "ఓయమ్మ, రెండు నాలికల రూలు!" అంది. అర్జునరావు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అరవలేదు. వెనక్కి వాలి ఎల్లారావు వైపు, మంచి కుప్పని బేరం చేసే ముందు చూసినట్టు చూస్తూ ఉన్నాడు.

నిషేధం ఎత్తేశారు. బోట్లు వేటకెళ్లి, తిరిగొచ్చాయి. మొదటి పాట రోజు హార్బర్‌లో తెల్లారకముందే ఇసక వేస్తే రాలనంత జనం. కోనాలు, చందువాలు, రొయ్యలు. అప్పలసూరి భుజం మీద గోనె, గోనె మీద ఐసు దిమ్మ. బోటుకీ ఐసు మరకీ మధ్య తిరుగుతున్నాడు.

ఎల్లారావు గొంతు ఎప్పటిలాగే ఉంది. వీరేంద్ర బోటు కోనాం కుప్ప. పాట పైకి పైకి పోయింది. అర్జునరావు ఒక్క దెబ్బలో అందరినీ దాటేసి పాడాడు. ఎల్లారావు తట్ట అంచు మీద చరిచాడు.

"ఆగెహె," అన్నాడు అర్జునరావు. "ఎక్కువ పాడీసినాను. తిప్పు."

"తెగిపోనాది అర్జునరావూ."

"తెగితే ఏటి? తట్ట కదిలిందేటి? కదల్నేదు కదా! కదలకముందు తిప్పొచ్చని నువ్వే కదా ఊరందరికీ నేర్పినావు!"

ముందు ఒకడు నవ్వాడు. తరవాత ఇద్దరు. తరవాత ప్లాట్‌ఫారం మొత్తం. పోతమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, "మరైతే ఆ ఏడు నా సందువా కుప్ప కూడా తిప్పీ నాయినా! కుళ్లిపోయినా పరవానేదు, తీసుకుంతాను!" అనేసరికి వంగి వంగి నవ్వారు.

అప్పలసూరి ఐసు దిమ్మని అక్కడికక్కడే విసిరేశాడు. అది పగిలి ముక్కలు అర్జునరావు కాళ్ల మీదకి జారాయి.

"అది ఆట! ఇది బేరం! ఆటకి రూలుంది. నీ బేరానికి సిగ్గు కూడా నేదు!"

"సిగ్గు ఉన్నోడివి నువ్వే కదేటి, మీ బావ మాట అమ్మీసినావు!"

అప్పలసూరి అతని కాలర్ పట్టుకున్నాడు. వెనక నుంచి మూడువేళ్ల చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఎల్లారావు. విడిపించి పక్కకి నెట్టాడు. తరవాత అర్జునరావు వైపు తిరిగి, "తెగిపోనాది" అని మళ్లీ అన్నాడు. ఆ గొంతు మునుపటి గొంతే. వినేవాళ్లు మునుపటివాళ్లు కారు. అర్జునరావు కుప్ప వదిలేసి వెళ్లిపోయాడు. వీరేంద్ర ఆ చేపలు అయినకాడికి అమ్ముకుని, ఎల్లారావు ముందు ఉమ్మేశాడు.

ఆ తరవాత ప్రతి కుప్ప దగ్గరా అదే వేళాకోళం. చరుపు పడగానే ఎవడో ఒకడు, "కదిలిందేటి?" అంటాడు. నిజంగా తిప్పమని కొందరు, నవ్వడానికి కొందరు. బేరం తేలకపోతే ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది. బోటు యజమానులు ఎంతకాలం ఊరుకుంటారు? సన్నీ అనే కుర్ర పాటగాడు ఒకడున్నాడు. గొంతు సగం ఉండదు గానీ వాడి మాట ఎవడూ తిప్పమనడు. ఒక్కొక్క బోటూ వాడి దగ్గరికి జరిగింది. ఎల్లారావు ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చోవడం మొదలెట్టాడు.

అది చూస్తే అప్పలసూరికి ఒళ్లు మండిపోయేది. ఆ బేరగాళ్ల మీద మంట, బోట్ల మీద మంట, అన్నిటికీ మించి ఉలకని పలకని బావ మీద మంట.

"అరవ్వేటి బావా? తప్పు సేసినోడిలా కూకున్నావేటి? రైటే కదా సేసినావు!"

"రైటే."

"మరి అరిసీ! ఆళ్ల నోర్లు మూయించు!"

ఎల్లారావు ట్రే అంచు తువ్వాలుతో తుడుస్తూ అన్నాడు: "తప్పు సేసుంటే తిట్టించుకునీవోణ్ణి. అలవాటే. రైటు సేసి ఎలా పడాలో నాకు తెలీదురా సూరీ."

"ఎందుకు పడాలి? నాను సెప్తాను అందరికీ..."

"నువ్వు సెప్పకు," అన్నాడు ఎల్లారావు.

వీరేంద్ర బోటు మళ్లీ వచ్చిన రోజు. ఎల్లారావు ఎప్పటిలాగే తన చోటు కడిగి నిలబడ్డాడు. కూలీలు తట్టలు దింపి అతని ముందు పెట్టబోతుంటే వీరేంద్ర, "అక్కడ కాదెహె, సన్నీ కాడికి!" అని అరిచాడు. తట్టలు ఎల్లారావు కాళ్ల ముందు నుంచే అవతలికి వెళ్లాయి. అతను చివరి తట్ట దాటేదాకా చూశాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, ట్రే కింద పెట్టిన కవరు చంకలో ఇరికించుకున్నాడు. ఐసు మర పక్క నుంచి గేటు వైపు నడిచాడు.

అప్పలసూరి అప్పుడు పలక మీద ఉన్నాడు. ఒడ్డుకీ బోటుకీ మధ్య ఒక్క చెక్క, భుజం మీద నిండు దిమ్మ. వెనక్కి తిరగడానికి లేదు. "బావా! ఎక్కడికి?" అని కేకేశాడు. ఎల్లారావు తిరగలేదు. టీకి వెళ్తున్నాడేమో అనుకున్నాడు. దిమ్మ లోపల పడేసి గేటుకి పరిగెత్తేసరికి టీ కొట్టు దగ్గర లేడు.

రొప్పుతూ ఇంటికి పోయాడు. గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"బావేడే?"

"పొద్దుటే రెండు సొక్కాలు కవర్లో పెట్టుకుని ఎలిపోనాడు. నీకు కనబడనేదేటి?"

"ఎక్కడికెల్తన్నానని సెప్పినాడు?"

"ఏటీ సెప్పనేదు. సద్దన్నం తిన్నాడు, కంచం కడిగి బోర్లించినాడు."

"నువ్వడగనేదేటి? కవరు కనబడనేదేటి నీకు?"

గంగాలమ్మ చేట కింద పెట్టి లేచింది. "నన్నడుగుతావేటిరా? ఒట్టేసి మీ బావ సేత మాట తిప్పించినోడివి నువ్వు. ఎల్లు. ఎక్కడున్నాడో నువ్వే ఎతుక్కో. నా గుమ్మంలో నిలబడకు."

అతను బస్టాపుకి పోయాడు. పరవాడ వైపు బస్సెక్కాడని సోడా బండివాడు చెప్పాడు. కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని వాడే అన్నాడు. కాదు, గాజువాక బస్సు అని పక్కవాడు. ఇద్దరూ వాదించుకోవడం మొదలెట్టారు.

"నోర్ముయ్యండెహె!" అని అరిచాడు అప్పలసూరి. భుజం మీద తడి గోనె అలాగే ఉంది, నీళ్లు వీపు మీద కారుతున్నాయి. వచ్చిన ప్రతి బస్సు కిటికీలోకీ తల పెట్టి చూశాడు. తప్పుకోమని కండక్టర్ తిడితే తిరిగి తిట్టాడు.

"సెప్పి ఎల్తే నాను కాళ్లిరగ్గొట్టీవోణ్ణేటి?" అని వెళ్లిపోతున్న బస్సు మీద చేత్తో గట్టిగా గుద్దాడు. "ఒక్క మాట! ఒక్క మాట సెప్పడానికేటయిందిరా నీకు!"

జనం పక్కకి జరిగి చోటిచ్చారు. హార్బర్ నుంచి ఐసు కూలీల మేస్త్రీ పనిలోకి రమ్మని ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్నాడు.